లవణమా? లావణ్యమా?

మహాకావ్యమున కుండవలసిన పదునెనిమిది వర్ణనలలో మధుపానము నొకటిగా మన యాలంకారికులు చేర్చిరి. నగరము, సముద్రము, పర్వతము, చంద్రోదయము మొదలగువాని సరసన దానికిని చోటు దొరకినది. కాని ప్రబంధములు తిరుగవేయు కొలది మా కొక వింత తోచును. చంద్రోదయమున చంద్రుని గూర్చియు, సముద్రవర్ణనమున సముద్రమును గూర్చియు చెప్పిన కవులు, మధుపానమునకు వచ్చునప్పటికి త్రాగినవారి తడబాటును, కన్నుల యెఱ్ఱదనమును, ప్రణయకలహమును వర్ణింతురే గాని, పాత్రలోని వస్తువు నాలుకపై నెట్లుండెనో చెప్పుట మిక్కిలి యరుదు. మద్యము శృంగారమునకు ఉద్దీపనముగా పనికివచ్చినది గాని తనంత తాను విచారింపదగిన వస్తువు కాలేదు. భోజనముల విషయమున మన కవు లింత లోభులు కారు.

ఇట్టి వస్తువును మన సంఘసంచికలో విమర్శకు దెచ్చుట యుచితమా యని సందేహించువా రుందురు. ఆ సందేహము న్యాయమైనదే. మద్యనిషేధ చరిత్రలో మన ఉత్తర ఆర్కాడునకు ముఖ్యమైన స్థానము కలదు. రాజగోపాలాచారిగారు 1937లో సేలము జిల్లాలో నిషేధమును మొదలిడి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకును, 1939లో ఉత్తర ఆర్కాడునకును విస్తరింపజేసిరి. కల్లు, సారాయి పాటల వలన వచ్చు రాబడి పోవుటచే దానిని పూడ్చుటకు 1939లోనే అమ్మకపు పన్ను పుట్టినది. అనగా మన వర్తకుల ఖాతాపుస్తకములలో తరతరములుగా నెక్కిన ఆ పన్నునకు మూలము మూతబడిన కల్లు అంగడియే! యుద్ధకాలమున సడలిన నిషేధము 1948లో రాష్ట్రమంతట వచ్చెను. 1971లో తొలగెను, 1974లో మరల వచ్చెను, 1981లో మరల తొలగెను. 2003 నుండి చిల్లర యమ్మకము ప్రభుత్వ సంస్థయే చేయుచున్నది. ఈ రాకపోకల నడుమ చితికిన సంసారము లెన్నియో మన వీధులలోని వారికి చెప్పనక్కరలేదు. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాయంగళ్ళపై తిరుగబడినప్పుడు మన యిండ్లలో ఆ వార్త చదివి కన్నీరు పెట్టినవారు కలరు. కావున ఈ వ్యాసము త్రాగుడునకు ప్రోత్సాహము కాదు. త్రాగనివారు దీనిని చదివి త్రాగనవసరము లేదు.

అయినను విమర్శ కొక కారణము కలదు. మన కుటుంబములలో పిల్లలు అమెరికా, లండను, సింగపూరు, గల్ఫు దేశములలో నున్నారు. వారు వచ్చునపుడు విమానాశ్రయమున కొన్న స్కాచి సీసా యొకటి తండ్రికో, మేనమామకో తెత్తురు. అది హాలులోని అద్దాల బీరువాలో వెండి గిన్నెలకును, కొండపల్లి బొమ్మలకును నడుమ నిలుచును. వీధి చివర నాటుసారాయి త్రాగినవానిని చీదరించుకొను నోరే ఈ సీసాను చూచి ‘మంచి సరకు’ అనును. ఎందువలన మంచిదని యడిగినచో ధర చెప్పుదురు, లేదా పెట్టెపై నచ్చైన వయస్సు చెప్పుదురు. రుచి చెప్పువారిని మేము చూచియుండలేదు. ధరను రుచిగా భ్రమించుట విమర్శ లేనిచోట సహజముగా పుట్టు రోగము. నాటకమునకును, సంగీతకచేరీకిని విమర్శ వ్రాయుచున్నాము. బీరువాలో దేవునివలె కూర్చున్న ఈ సీసాకు మాత్ర మేల మినహాయింపు?

మేము తీసికొన్నది బూనహావెన్ అను విస్కీ. 12 సంవత్సరముల వయసుది. స్కాట్లండు పశ్చిమతీరమున ఐలా యను దీవి కలదు. ఆ దీవికి ఈశాన్యమున, జురా దీవి కెదురుగా, సన్నని జలసంధి యొడ్డున ఈ బట్టీ 1881లో స్థాపింపబడెను. గేలిక్ భాషలో ఆ పేరునకు ‘ఏటి మొగ’ అని యర్థము. కట్టినప్పుడు ఊరు లేదు, త్రోవ లేదు. పనివారికి ఇండ్లతో సహా అన్నియు క్రొత్తగా కట్టవలసివచ్చెను. ధాన్యము, బొగ్గు, ఖాళీ పీపాలు ఓడలమీద వచ్చెడివి. నిండిన పీపాలు ఓడలమీదనే పోయెడివి. 1982లో మూతబడి, రెండేండ్ల తరువాత మరల తెరువబడెను. చేతులు మారిన యజమానుల చరిత్ర మనకు వలదు.

మనుస్మృతి సురను మూడు విధములుగా విభజించినది: బెల్లముతో జేసిన గౌడి, పిండితో జేసిన పైష్టి, పూవుతోనో తేనెతోనో జేసిన మాధ్వి. మూడింటిని నిషేధించుటకే విభజించినది గాని, విభజన మాత్రము చక్కనిది. విస్కీ పైష్టి. అందును ఈ జాతి విస్కీ కేవలము మొలకెత్తించిన బార్లీతో, ఒకే బట్టీలో, రాగిపాత్రలలో కాచి తీయబడవలెను. 2009 నాటి బ్రిటిషు నిబంధనల ప్రకారము ఓకు పీపాలలో మూడేండ్లకు తక్కువ కాకుండ నుండవలెను. 40 శాతమునకు తక్కువ సారము కూడదు. మన దేశమున విస్కీ పేర నమ్ముడగు చవుక సరకులో చాలభాగము చెఱకు మొలాసిస్ నుండి తీసిన సారాయికి రంగును, వాసనను చేర్చినది. మనువు మాటలో అది గౌడి. పైష్టి పేరు పెట్టుకొని గౌడి తిరుగుచుండగా ప్రభుత్వమువారి అంగడి దానిని విస్కీయనియే యమ్ముచున్నది. ఐరోపావారు దానిని విస్కీగా నంగీకరింపరు. ఈ విషయమున వారితో మాకు తగవు లేదు.

ఐలా దీవి మద్యములకు ప్రసిద్ధి పొగవలన వచ్చినది. అచట చిత్తడినేలలలో వేలయేండ్లుగా కుళ్ళి పేరుకొన్న నాచు, గడ్డి, వేళ్ళు నల్లని మట్టియై యుండును. దానిని పీటు అందురు. ఇటుకలవలె కోసి, యెండబెట్టి, పొయ్యిలో వేయుదురు. మొలకెత్తిన బార్లీని ఆ పొగపై నారబెట్టినచో గింజకు పొగ పట్టును. ఆ పొగ కాచినను పోదు, పండ్రెండేండ్లు పీపాలో నున్నను పోదు. దీవి దక్షిణపుటొడ్డున నున్న ఆర్డ్‌బెగ్, లగావులిన్, లఫ్రోయిగ్ బట్టీలు మూడును ఈ పొగకు పేరుపడినవి. గింజలో పొగసారమును పదిలక్షలకు ఇన్ని పాళ్ళని లెక్కింతురు. ఆర్డ్‌బెగ్ గింజకు అది సుమారు 55 పాళ్ళు. బూనహావెన్ గింజకు రెండు పాళ్ళకు మించదు.

ఈ భేదమును చెప్పుటకు మనకు మాట సిద్ధముగా నున్నది. పొయ్యిలో పచ్చికట్టె పెట్టి పాలు కాచిన నాడు, ‘పాలు పొగచూరినవి’ అని మన అవ్వలు గిన్నెను ప్రక్కకు నెట్టుదురు. పొగచూరుట మన వంటింట దోషము. ఐలా దీవిలో అదియే గుణము. ఇందొకరు తప్పని మేమనము. సాంబ్రాణిని కోరి పీల్చుకొను జాతి పాలలో పొగను దోషమనుట యేమి న్యాయమని వారును మన నడుగవచ్చును. కాని మన నాలుకకు పొగలేని మద్యము సులభముగా చేరువగు ననుట నిజము. ఆ పొగబట్టీల సీసాలను తెరచిన మన పెద్దలు ‘ఆసుపత్రి వాసన’ యని మూతపెట్టుట మేమెరుగుదుము.

పొగరాయుళ్ళ దీవిలో పొగలేక నిలిచిన బట్టీ యన్నంతనే, తమిళుల నడుమ తెలుగు నిలుపుకొన్న మన కుటుంబములకు దానియం దభిమానము పుట్టుట సహజము. ఆ యభిమానమును కొంత నిలువరించుకొనవలెను. తొలినాళ్ళలో బూనహావెన్ కూడ పొగగలదే. 1963లో బట్టీని పెంచి, రెండు కాపుపాత్రలను నాలుగు చేసిన కాలమున, మిశ్రమ విస్కీలు చేయు వర్తకులకు పొగ తక్కువగల సరకు కావలసివచ్చెను, పొగ మానిరి. సిద్ధాంతము కాదు, గిరాకి. ఇటీవలి దశాబ్దములలో పొగకు గిరాకి పెరుగగా కొంత సరకును పొగతో కూడ చేయుచున్నారు. మన విమర్శకు వచ్చినది పొగలేని దగుటచే ఆ తక్కినదానిని విడుచుచున్నాము.

ఇక పీపా. ఈ మద్యములోని రుచిలో సగమునకు పైగా బట్టీలో పుట్టినది కాదు, చెక్కలో పుట్టినది. ఆంగ్లమున దీనికి పక్వమగుట యను అర్థమిచ్చు మాట యొక్కటియే కలదు. మన తెలుగులో రెండు కలవు. మామిడికాయను గడ్డిలో పెట్టినచో అది మాగును. అదే కాయను ఉప్పుకారములలో వేసి జాడీలో పెట్టినచో ఊరును. మాగుట యనగా తనలోనున్న పులుపు, వగరు తమంతట విరిగి తీపి యగుట. ఊరుట యనగా ప్రక్కనున్న వస్తువు సారము తనలోనికి వచ్చుట. పీపాలోని సారాయికి ఈ రెండును జరుగును. క్రొత్త సారాయిలోని మంటయు, లోహపు వాసనయు తగ్గుట మాగుట. చెక్కలోని రంగు, వగరు, పూర్వము చెక్కలో నింకియున్న ద్రాక్షసారము సారాయిలోనికి దిగుట ఊరుట. పాశ్చాత్య విమర్శకులు ఈ రెంటిని కలిపి పుటలకొలది వ్రాయుదురు. మన వంటింటి వా రెవరైన రెండు మాటలలో విడదీయగలరు. కొన్ని సీసాలు ఊరినవే గాని మాగినవి కావు. నల్లగా, తియ్యగా నుండి గొంతు దిగునపుడు కాల్చును. కొన్ని మాగినవే గాని ఊరలేదు. మెత్తగా నుండి చప్పబడును. బూనహావెన్ రెండును జరిగినది. ఇది దాని మొదటి గుణము.

ఈ పీపాలు షెర్రీ పీపాలు. స్పెయిను దక్షిణమున హెరేజ్ అను పట్టణపు ద్రాక్షమద్యము షెర్రీ. అందు ఒలొరోసో యను జాతి గాలి తగులుచు ముదిరి, అక్రోటు పప్పు రంగుకు వచ్చును. ఆ పేరునకు స్పానిషు భాషలో పరిమళించునది యని యర్థము. పూర్వము షెర్రీ పీపాలతోనే ఓడలపై ఇంగ్లండు చేరెడిది. అచ్చట ఖాళీయైన పీపాలను స్కాట్లండువారు చవుకగా కొనిరి. పాత ఆవకాయ జాడీని కడిగి మాగాయ పెట్టినట్లే. పొదుపునుండి పుట్టిన రుచి యిది; ఎవ్వరును ఆలోచించి కనిపెట్టినది కాదు. 1980 దశకము నుండి షెర్రీని స్పెయినులోనే సీసాలలో నింపుట విధియగుటతో ఆ పీపాలు రావడము నిలిచినది. ఇప్పుడు విస్కీకొరకే క్రొత్త పీపా చేయించి, అందు కొంతకాలము షెర్రీ పోసి, తీసి, పంపుచున్నారు. కావున సీసాపై ‘షెర్రీ పీపా’ యని చూచినప్పుడు ఎవరో తాతలు త్రాగిన షెర్రీ యనుకొనరాదు. ఆ షెర్రీ పీపాకొరకు పోసినది. జాడీకి వాసన పట్టించుటకు ఆవకాయ పెట్టినట్లున్నదని నవ్వవచ్చును. అయినను వాసన పట్టినది నిజము.

చెక్క వలన వచ్చు వగరును గూర్చి మన జిల్లావారి కంటె బాగుగా చెప్పగలవారు లేరు. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు టానరీల వాసన యెరుగని ముక్కు మనలో లేదు. క్రోమియము రాకముందు తోళ్ళను పదునుచేసినది తంగేడు బెరడును, కరక్కాయయును. బెరడులోని వగరుసారము తోలును పట్టి కుళ్ళనీయక నిలుపును. ఐరోపాలో ఆ పని చేసినది ఓకు బెరడు. మన తంగేడులో నున్న గుణమే ఓకు చెక్కలోను కలదు. అదియే పీపానుండి సారాయిలోనికి దిగును. (క్రోమియము వచ్చిన తరువాత పాలాఱు గతి యేమైనదో, 1996లో సుప్రీంకోర్టు తీర్పు వరకు ఎట్లు పోవలసివచ్చెనో వేరు కథ.) షడ్రుచులలో వగరు నాలుకపై కంటె చిగుళ్ళపై తెలియును, నోటిని బిగించును. తమిళులు దీనిని తువర్పు అందురు. ఆంగ్లేయుల వంటింట దీనికి మాట లేదు; వైద్యుల మాటయో, శాస్త్రజ్ఞుల మాటయో తెచ్చుకొనవలెను. వారి రుచిచూపరులు ‘పొడి’ యను అర్థముగల మాటతో సరిపుచ్చుకొందురు. వగరులోను భేదములు కలవు. పచ్చివక్క వగరు నోరు తిరుగనీయదు. నేరేడుపండు వగరు తీపి వెంట వచ్చి, తీపి పోయిన తరువాత కొంతసేపు నాలుకపై నిలుచును. బూనహావెన్ వగరు నేరేడు వగరు. ఇది మేము దానికి చేయు పెద్ద ప్రశంస. సీసాపెట్టెపై ఇట్టి వాక్యము మాకు కనబడలేదు.

షెర్రీ పీపాలకొక దోషము కలదు. ఖాళీ పీపా బూజు పట్టకుండుటకు లోపల గంధకము కాల్చు నలవాటుండెను. అది మిగిలినచో మద్యమునకు అప్పుడే గీచిన అగ్గిపుల్ల వాసన వచ్చును. గుడియాత్తంలో అగ్గిపెట్టెల పనిచేసిన యిండ్లవారు దీనిని తొలి గ్రుక్కకే పట్టుకొందురు. ఇతరులు ‘ఏదో ఘాటు’ అందురు. మేము చూచిన సీసాలో ఆ దోషము లేదు.

ఇంతవరకు వివాదము లేదు. చిక్కంతయు సముద్రముతో వచ్చినది. ఈ మద్యమును గూర్చి వ్రాయువా రందరును ‘సముద్రతీర లక్షణము’, ‘ఉప్పుగాలి’ అని వ్రాయుదురు. సీసాపై ఓడచుక్కాని పట్టిన నావికుని బొమ్మ. నిజముగా ఇందులో సముద్రము కలదా? ఉప్పునీటిని కాచి ఆవిరిపట్టినచో మంచినీరే వచ్చునని బడిపిల్లలకును తెలియును. కావున బట్టీనుండి ఉప్పు రాదు. పోనీ, ఒడ్డుననున్న గిడ్డంగిలో పండ్రెండేండ్లు గాలి పీల్చుచు నుండుటచే వచ్చినదందురా? నాలుకకు తెలియునంత యుప్పు ఓకు చెక్కను దాటి లోపలికి చేరునని నమ్ముట కష్టము. పైగా అదే జలసంధి యొడ్డున ప్రక్కనే కౌల్ ఈల యను బట్టీ కలదు. దాని సరకులో అధికభాగము ట్యాంకరులలో ప్రధానభూమికి పోయి యచట మాగుచున్నది. అయినను దానికిని ‘సముద్రతీర లక్షణము’ అనియే వ్రాయుచున్నారు. సముద్రమును చూడని పీపాకు సముద్రమెట్లు పట్టినది?

ఇచట మన లాక్షణికులు తోడువత్తురు. ‘గంగలో గొల్లపల్లె’ యను ఉదాహరణము తర్కము, అలంకారము చదివిన వారందరికి తెలిసినదే. గంగాప్రవాహములో పల్లె యుండజాలదు. కావున గంగ యనగా గంగయొడ్డు అని లక్షణచే గ్రహింతుము. ఒడ్డు అని తిన్నగా చెప్పక గంగ యని యేల చెప్పవలెను? పల్లెకు చల్లదనము, పవిత్రత స్ఫురింపజేయుటకు. అది వ్యంగ్యము. విస్కీలో సముద్రము అన్నదియు ఇట్టిదే. ముఖ్యార్థము బాధితము, ఉప్పు లేదు. సంబంధము కలదు, బట్టీ యొడ్డున నున్నది. ప్రయోజనము కలదు, త్రాగువాని మనస్సులో చలిగాలి, విశాలము, ఏకాంతము స్ఫురించును. స్ఫురించుట తప్పు కాదు. అయితే వర్తకుడు చేయు మాయ యొకటి కలదు. కవి వ్యంగ్యమును వ్యంగ్యముగా వదలును. వర్తకుడు వ్యంగ్యమును వాచ్యముగా, లెక్కకు వచ్చు దినుసుగా అమ్మును. ‘ఇందులో సముద్రపు ఉప్పు కలదు’ అన్నట్లు. ఇదియే మా యాక్షేపణ.

తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ధ్వనిని స్త్రీల లావణ్యముతో పోల్చెను. కన్నులు, ముక్కు, చెక్కిళ్ళు వేరువేరుగా చూపవచ్చును, లావణ్యమును వేరుగా వ్రేలితో చూపలేము, అయినను లేదనలేము. లావణ్య మను మాట లవణము నుండి పుట్టినది. ఉప్పు పేరు పెట్టుకొని ఉప్పు కాని దానిని చెప్పు నీ మాట ఈ మద్యమునకు సరిగా పట్టును. బూనహావెన్‌లో నున్నది లవణము కాదు, లావణ్యము.

అట్లని స్ఫురించుట కాధారమేమియు లేదనరాదు. మేము నలుగురికి ఇచ్చి చూచితిమి. దీవి మాట ముందుగా వినిన యిద్దరికి సముద్రము దొరకినది. వినని యిద్దరికి దొరకలేదు. ఆ యిద్దరిలో గుడియాత్తపు పెద్ద లొకరు రెండుమూడు మారులు వాసన చూచి, “ఇది ఉప్పేసి ఉడకబెట్టిన చెనక్కాయ వాసన కదండీ, పొట్టుతో సహా” అనిరి. మేము మరల చూచితిమి. నిజమే! నూనెగల పప్పు, తడిసిన పొట్టు, దానికంటుకొన్న యుప్పు అనిపించు తళుకు. షెర్రీ వలన పప్పుల వాసన వచ్చుట యందరు నెరిగినదే. వగరు నోరూరించుటచే ఉప్పు ఉన్నట్లు తోచుచున్నదని మా యూహ. ఎర్రనేలలలో చెనక్కాయ పండించు జిల్లావాని నాలుక, లేని సముద్రమును ప్రక్కకు తోసి, ఉన్న రుచిని పట్టుకొన్నది. వేలూరు నుండి చెన్నై యొడ్డునకు రమారమి 140 కిలోమీటర్లు. మనకు సముద్రము సెలవులలో చూచు వస్తువు. చెనక్కాయ దినదినము తిను వస్తువు. విమర్శకుడు తనకు తెలిసిన దానితో తెలియని దానిని కొలువవలెను గాని, ఇరుపక్షములు తెలియనివైనచో కొలత యెక్కడ?

ఇది మద్యమునకు మించిన విషయము. కొడుకు సీసాను తెచ్చి, పెట్టెపైని యాంగ్ల వర్ణనను చదివి వినిపించును. అందు క్రిస్మసు కేకు, మర్జిపాను, సముద్రపు నాచు ఉండును. తండ్రి తలయూపును. ఇరువురును మర్జిపాను తిన్నవారు కారు. ‘నేరేడు వగరు’ అని యొకడు, ‘పాత బెల్లపు పాకము’ అని యొకడు అనగలిగియుండియు అనరు. ఆ మాటలు ఇంత ఖరీదు వస్తువునకు తగవని సంకోచము. 2006 నాటి తమిళాభ్యసన చట్టము తరువాత మన పిల్లలకు బడిలో తెలుగు క్రమముగా తగ్గినది. వారి తెలుగు ఇప్పుడు పుస్తకమునుండి రాదు, వంటింటినుండి రావలెను. పొగచూరుట, కమురు, మాగుట, ఊరుట, వగరు, చవి, చప్పన, ఘాటు: ఈ మాటలు అవ్వలతో వంటింట నున్నవి. హాలులోని సీసాముందు అవి పనికిరావని తీర్మానించినచో, రేపు చీరముందు, ఎల్లుండి పాటముందు పనికిరానివగును. తుదకు వంటింటను పనికిరానివగుటకు ఎంతో కాలము పట్టదు. తెలుగు మాట నిలుచునది పెద్దసభలలో దానిని పొగడుటచే కాదు. క్రొత్త వస్తువు ఎదురైనప్పుడు దానిమీద వేసి చూచుటచే.

ఇక తీర్పు. 2010 నుండి ఈ సీసా 46.3 శాతము సారముతో వచ్చుచున్నది. అంతకు ముందు 40. అప్పటినుండి చల్లార్చి వడగట్టుట మానిరి; రంగు కలుపుట మానిరి. చట్టము కలుపుకొనుట కనుమతించినను మానుట మెచ్చదగినది. చల్లని నీరు పోసినచో కొంత మబ్బుగా నగును. అది కల్తీ కాదు, వడగట్టని నూనెల గుర్తు. వాసనలో ఎండుద్రాక్ష, నారింజతొక్క, బెల్లపు పాకము. నోట పెట్టగనే తీపి, వెంటనే వేచిన బార్లీపిండి కమ్మదనము, తుదిని చెనక్కాయ పొట్టు, నేరేడు వగరు. తొలిగ్రుక్కలో మంట కొంచె మెక్కువ. నాలుగు చుక్కలు నీరు వేసినచో తగ్గును. ఐసుముక్క వేసినచో వాసన ముడుచుకొని వట్టి తీపి మిగులును. షెర్రీ కొన్నిచోట్ల బార్లీని కప్పివేయుట మాకు నచ్చలేదు. నగలు ముఖమును కప్పినట్లుండును. నడుమ కొంత పలుచన. అయినను తుది రుచి యంత నిదానముగా విడుచు మద్యములు తక్కువ.

వయస్సును గూర్చి ఒక మాట. పండ్రెండను నంకెను చూచి భయభక్తులు పూననక్కరలేదు. స్కాట్లండు చలిలో పీపానుండి యేటికి సుమారు రెండు శాతము ఆవిరియై పోవును. పండ్రెండేండ్లకు ముప్పాతికకు పైగా మిగులును. బెంగుళూరులో 1948లో స్థాపింపబడిన అమృత్ బట్టీవారు 2004లో తమ సింగిల్ మాల్టును మొదట గ్లాస్గోలో అమ్మకమునకు పెట్టిరి. అచట ఏటికి పది పండ్రెండు శాతము పోవును. పండ్రెండేండ్లుంచినచో మూడోవంతైనను మిగులదు. గోవాలో, సముద్రమునకు దగ్గరగనే, పాల్ జాన్ మాల్టు తయారగుచున్నది. అచటి వేడియు ఇట్టిదే. కావున మన వాతావరణమున నాలుగైదేండ్లకే మాగి ఊరిన సరకును ‘చిన్నది’ యని తీసివేయుట మామిడిపండును ఆపిలుపండు పంచాంగముతో కొలుచుట. వేలూరు వేసవిలో పీపా పెట్టినచో ఏమి మిగులునో చెప్పనక్కరలేదు.

చివరకు బీరువా సంగతి. సీసాలో మద్యము మాగదు, ఊరదు. మాగుట, ఊరుట పీపాతోనే ముగిసినవి. 12 ఏండ్ల సీసాను ఇరువదియేండ్లు బీరువాలో నుంచినను అది 12 ఏండ్లదే. మూత తీసిన తరువాత గాలి తగిలి కొన్ని నెలలకు చప్పబడును. ఎండ తగులు అద్దాలలో నింకను త్వరగా చెడును. పండుగకు పండుగకు మూత తీసి వాసన చూపి మరల మూయువారు ఈ సంగతి గమనింతురు గాక.